అటక మీది రూటరు, కల్లం చేరబోయిన పండుమిరప

మా రూటరుకి ఆరు లైట్లుంటాయి. బళ్లో నాకు వచ్చే మార్కులూ దాదాపు అన్నే. తేడా ఏమిటంటే రూటరు లైట్లు అప్పుడప్పుడైనా పచ్చగా వెలుగుతాయి, నా మార్కుల కింద మాత్రం ఎప్పుడూ ఎర్ర సిరాయే. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా మా లెక్కల మాస్టారు, "ఒరేయ్, నువ్వు బండి తోలుకోరా. చక్రాలు నాలుగే ఉంటాయి, లెక్క తప్పవు" అన్నారు. ఆయన ఎగతాళికి అన్నారు. నేను సలహా అనుకుని పుస్తకాలు సర్దేశాను. ఇప్పుడు నాకో మినీ లారీ ఉంది, దానికి చక్రాలు ఆరు. అలా ఆయన లెక్క కూడా తప్పింది.

ఈ మిరప ప్రాంతంలో చలికాలం వెళ్లేటప్పుడు నా బండికి తీరిక ఉండదు. ఊళ్లలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుకోవడం, గుంటూరు యార్డులో దించడం. ఆ రోజుల్లోనే మా ఆవిడకీ తీరిక ఉండదు. ఆవిడ కొరివికారం పెడుతుంది. ఎర్రగా పండిన మిరపకాయల్ని తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, ముచ్చికలు తీసి, చింతపండూ రాళ్ల ఉప్పూ వేసి రోట్లో తొక్కుతుంది. ఉప్పు మాత్రం సింగరాయకొండ వైపు వెళ్లినప్పుడు నేను తేవాలి. ఇంకెక్కడి ఉప్పు తెచ్చినా నాలిక మీద వేసుకుని చూసి, నా మొహం కూడా చూడకుండా పక్కన పెట్టేస్తుంది.

మొదట్లో చుట్టాలకే పెట్టేది. తర్వాత మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, గుంటూరులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది, వాళ్లక్క పచ్చడి కోసం ఒక వెబ్‌సైటు తయారుచేసి పెట్టింది. దాంట్లో ఆర్డర్లు రావడం, మా ఆవిడ జాడీల్లోంచి సీసాలకెత్తి పంపడం. బండి నాదైనా, మా ఇంట్లో సొంత వ్యాపారం ఉన్న మనిషి ఎవరంటే ఆవిడే. ఊళ్లో కూడా నన్ను "కారం గారి ఆయన" అంటారు.

పండుమిరపకాయతో ఒక చిక్కుంది. కోశాక ఆగదు. తొక్కాలి, లేదా కల్లంలో పోసి ఎండబెట్టాలి. మధ్యలో బుట్టలో పెట్టుకుని ఆలోచిస్తూ కూచుంటే మెత్తబడిపోతుంది. అందుకని కోత రోజున మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య, చేలో కాయ కోయించి, ముందు చెల్లెలికి ఎంత కావాలో అడిగి పక్కన పెట్టి, మిగతాది కల్లానికి తోలిస్తాడు. ఎంత కావాలో ఆవిడ ఆర్డర్లు చూసి చెబుతుంది. మా ఇంటి ఆచారం అది.

ఈ ఏడు ఆ కోత రోజు పొద్దున నేను బండి తీస్తుంటే మా ఆవిడ ఫోన్లో అంటోంది. "నాకొద్దన్నయ్యా. అంతా కల్లంలో పోయించుకో."

అవతల ఆయనేమన్నాడో గానీ, "ఎవరూ అడగట్లేదు. వారం నుంచి చూస్తున్నాను, ఒక్క ఆర్డరు లేదు. ఇంక వాళ్ల నోటికి నచ్చట్లేదేమో" అంది. ఫోన్ పెట్టేసి నన్ను పిలిచింది. "ఏమండీ, ఆ జాడీలు అటకెక్కించి వెళ్లండి."

జాడీలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. తెల్లగా, మూతులకి గుడ్డలు కట్టి, వరసగా. వాటిని చూస్తూ, "ఈసారికా, ఎప్పటికీనా?" అన్నాను.

"ఆ సైటు కూడా తీసెయ్యమని చెల్లికి చెబుతా" అంది. నిచ్చెన తెచ్చి వేశాను. జాడీలన్నీ అటక మీదికి ఎక్కించి గుంటూరు వెళ్లిపోయాను.

టిక్కీలు దించి ఖాళీ బండితో వస్తుంటే నల్లపాడు దగ్గర రైలు గేటు పడింది. నా వెనకా ముందూ బళ్లు. ఫోన్ తీసి మా ఆవిడ సైటు తెరిచాను. మూసేస్తానంది కదా, ఒకసారి చూద్దామని. తెరిస్తే అది మా సైటులా లేదు. రోజూ ఇంట్లో కనిపించే జాడీ బొమ్మ లేదు. అరిటాకు మీద కారం ముద్ద, పక్కన నెయ్యి. ఎవరిదో తెరిచాననుకున్నాను. పేరు చూస్తే మాదే. కిందికి జరిపితే కనిగిరి నుంచి ఒకావిడ రాసిన మాట ఉంది. "మా అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఏం పెట్టినా నోరు చప్పగా ఉందంటోంది. పోయినేడు మీ కారం తింది. ఆర్డరు పెట్టి నాలుగు రోజులైంది, ఎప్పుడు పంపుతారు?"

ఇంటికి ఫోన్ చేశాను. "ఇదిగో, కనిగిరి నుంచి ఒకావిడ నీ కారం కోసం ఎదురు చూస్తోంది."

"ఎక్కడ?"

"నీ సైట్లోనే. కింద రాసింది చూడు."

తను వెళ్లి చూసినట్టుంది. తర్వాత, "ఏం లేదు. నా ఫోన్లో చూశాను, కంప్యూటర్లో చూశాను. ఎప్పటిలాగే ఖాళీ."

"నా ఫోన్లో ఉందే."

"మీ ఫోన్లో ఉంటుందండీ. పోయినేడు హాస్టలు మెస్సు ఆర్డరు కూడా మీ ఫోన్లోనే ఉంది."

ఆ సంగతి చెప్పాలి. పోయినేడు నేనూ మరదలూ కలిసి, ఏదో హాస్టలు మెస్సు వాళ్లు అడిగినట్టు ఒక పెద్ద ఆర్డరు సృష్టించాం. మా ఆవిడ నిజమనుకుని పక్కింటి జాడీలు కూడా అడిగి తెచ్చింది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. అప్పట్నుంచీ ఆర్డర్ల విషయంలో నా మాటకి మా ఇంట్లో విలువ లేదు.

గేటు తీశారు. నేను బండి పక్కకి ఆపి మరదలికి చేశాను.

"సైటు కొత్త చోటికి మార్చాను బావా, పాత చోటు మరీ నెమ్మదిగా ఉందని. అక్కకి చెప్పానుగా, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుందని" అంది. "ఆర్డర్లు బోలెడొచ్చాయి. అక్క ఎందుకు పంపట్లేదా అనుకుంటున్నా."

"మీ అక్క కంప్యూటర్లో ఒక్కటీ లేదు. ఇంకా ఆ జాడీ బొమ్మే."

"అదా? అయితే ఇంట్లో అడ్రసు పాతదే గుర్తుండిపోయింది. నేను అక్కకి ఫోన్ చేస్తా."

నేను బండి స్టార్టు చేసేలోపే మళ్లీ చేసింది. "నన్నూ తిట్టింది బావా. 'మీ ఇద్దరి మాటా నమ్మను. నా కంప్యూటర్ చెబితే నమ్ముతా' అంది. అన్నయ్య సాయంత్రం ఎండ తగ్గగానే కాయ కల్లంలో పోయిస్తున్నాడంట కదా?"

"ఆ. ఆలోపు మీ అక్క కంప్యూటర్ చేత నిజం చెప్పించాలి."

ఎలాగో నాకు తెలీదు. అయినా సరే అనుకున్నాను. బడి వదిలినంత తేలిగ్గా దీన్ని వదలదల్చుకోలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వసారాలో కూచుని ఎండుమిరపకాయలకి ముచ్చికలు తీస్తోంది. ఎదురుగా ఫోన్ నిలబెట్టుకుని సీరియల్ చూస్తోంది. నా ఫోన్ చూపిద్దామంటే మా ఇంట్లో నా కంపెనీ సిగ్నల్ దొరకదు, వైఫై కలిపితే అదీ జాడీ బొమ్మే చూపిస్తుంది. ఆవిడ ఫోన్‌ది వేరే కంపెనీ, మాటలకి సిగ్నల్ అందుతుంది గానీ డేటా వేయించుకోదు, ఇంట్లో వైఫై ఉండగా దండగ అంటుంది. "మేడ మీదికి రా, నా ఫోన్లో చూపిస్తా" అంటే, "మీ ఫోన్ చూడ్డానికి మెట్లెక్కాలా" అని ఇంకో కాయ అందుకుంది.

కంప్యూటర్ ముందు కూచుని, మేడ మెట్ల మధ్య దాకా వెళ్తే గానీ సరిగ్గా వినిపించని ఫోన్‌తో మరదలు చెప్పింది వింటూ, పరిగెత్తుకుంటూ కిందికొచ్చి చేస్తూ పని మొదలెట్టాను. ముందు కంప్యూటర్ ఆపి వేశాను. జాడీ బొమ్మే. పాత పేజీలు దాచుకున్నవన్నీ చెరిపెయ్యమంది, చెరిపేశాను. జాడీ బొమ్మే.

"అసలు ఏం జరుగుతోందో చెప్పవే. రోగం తెలీకుండా మందెలా వెయ్యను?" అన్నాను.

"నువ్వు సైటు పేరు కొడతావు కదా బావా. కంప్యూటర్‌కి పేర్లతో పని లేదు, దానికి అంకె కావాలి. ఆ పేరుకి ఏ అంకె అని రూటర్‌ని అడుగుతుంది. రూటర్‌కి తెలీకపోతే బయట అడిగి చెబుతుంది. ఒకసారి చెప్పాక గుర్తు పెట్టుకుంటుంది, మళ్లీ మళ్లీ బయట అడగదు. కంప్యూటర్ కూడా విన్నది కొంతసేపు గుర్తు పెట్టుకుంటుంది."

అది నాకు వెంటనే ఎక్కింది. యార్డు గేటు దగ్గర ఒక మేస్త్రి ఉంటాడు. ఫలానా కొట్టు ఎక్కడని కొత్త బళ్లవాళ్లు అడిగితే చేయి చూపిస్తాడు. ఆ కొట్టువాళ్లు వేరే వరసలోకి మారిపోయినా సరే, ఆయన తలలో పాత వరసే ఉంటే, టిక్కీల బళ్లన్నీ ఖాళీ కొట్టు ముందుకెళ్లి నిలబడతాయి.

"మరి పాత చోట ఎవరూ లేకపోతే తలుపు మూసి కనిపించాలి కదా?"

"నెలాఖరు దాకా పాతదీ తెరిచే ఉంటుంది బావా. అదే చిక్కు."

అంటే మా ఆవిడ వారం రోజులుగా పాత కొట్టు తెరుచుకుని, దీపం పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని కూచుంది. జనం అవతలి వీధిలో కొత్త కొట్టు ముందు నిలబడి, ఈవిడేంటి పలకదు అనుకుంటున్నారు. అది తలుచుకుంటే నాకు నవ్వు రాలేదు.

మరదలు చెప్పినట్టు తెర మీద ఒక నల్ల కిటికీ తెరిచాను. ఒక్కో అక్షరం మెట్ల మీద విని, కిందికొచ్చి కొట్టాను. కంప్యూటర్‌కి గుర్తున్న అడ్రసులన్నీ తుడిచెయ్యమని ఆజ్ఞ అది. తుడిచేశానని కంప్యూటర్ జవాబిచ్చింది. నా జన్మలో ఇంగ్లీషులో నేను రాసిందానికి తప్పు పెట్టకుండా జవాబొచ్చింది అదే మొదలు. సైటు తెరిచాను. జాడీ బొమ్మే.

"ఇప్పుడు ఇంకో కమాండ్. సైటు పేరు పెట్టి అడుగు, ఏ అంకె వస్తుందో, ఎవరు చెప్పారో రెండూ చూపిస్తుంది."

చదివి వినిపించాను. "అంకె పాతది బావా. చెప్పింది మీ రూటరు. దొంగ దొరికాడు. ఆపి వెయ్యి, గుర్తున్నదంతా పోతుంది. అసలు ఈపాటికి దానంతట అదే మర్చిపోవాలి. పాత రూటరు కదా, దానికి మరుపు రాదేమో."

రూటరు అటక మీద ఉంది, నిచ్చెన ఎక్కడమెందుకని వెళ్లి ఇంటి మెయిన్ స్విచ్ దించాను. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. మంచినీళ్లు తాగినంతసేపు ఆగి మళ్లీ ఎత్తాను. కంప్యూటర్ లేచాక చూస్తే జాడీ బొమ్మే. మళ్లీ దించాను. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాను. జాడీ బొమ్మే.

"నిజంగా ఆపావా బావా?"

"ఇంటికంతా మెయినే దించాను. ఇంకా ఆపాలంటే సబ్‌స్టేషన్‌కి వెళ్లాలి."

మూడోసారి దించి, ఎండ ఎక్కడికొచ్చిందో చూద్దామని వసారాలోకి వచ్చాను. నీడ గడప దాటింది. బావకి ఫోన్ చేసి కాసేపు ఆగమందామా అంటే, ఆయన చెల్లెలి మాటే వింటాడు, నా మాట వినడు. హాస్టలు మెస్సు కథ ఆయనకీ తెలుసు. అక్కడే నిలబడి ఉంటే మా ఆవిడ ఫోన్లో అత్తగారు కోడల్ని తిడుతోంది.

"కరెంటు లేదు కదా. నీ సీరియల్ ఎలా ఆడుతోంది?"

"ఏమో. ఎప్పుడూ ఆడుతుంది. కరెంటు పోతే ఆర్డర్లు పోతాయని మీరే ఏదో పెట్టారుగా."

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద, కోతల కాలంలో కరెంటు మాటిమాటికీ పోతోందని రూటరుకి ఒక చిన్న బ్యాటరీ డబ్బా తెచ్చి తగిలించాను. మా ఇంట్లో కాయ ముచ్చికలు తీసే రోజుల్లో గాలి నిండా మిరపదుమ్మే. రూటరు తుమ్మి చచ్చిపోతుందని, దాన్నీ బ్యాటరీనీ కలిపి ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెట్టాను. మిరప పండే ఊళ్లో తప్ప ఇంకెక్కడా రూటరుకి రెయిన్‌కోటు తొడగరు. కవరులో లైట్లు కనపడవు. పైగా పొద్దున నేనే వరసగా జాడీలన్నీ దాని ముందు పేర్చాను. నేను మెయిన్ దించిన ప్రతిసారీ అది లోపల హాయిగా బ్యాటరీ మీద కూచుని పాత అడ్రసు వల్లె వేసుకుంటోంది.

మెయిన్ ఎత్తి, కంప్యూటర్ లేచాక ఒకసారి చూశాను, అదే జాడీ బొమ్మ. నిచ్చెన వేశాను. జాడీలు ఒక్కొక్కటే దించాను. "మళ్లీ ఎందుకు దించుతున్నారు?" అంది మా ఆవిడ.

"వెనకాల దొంగ ఉన్నాడు."

కవరు విప్పేసరికి రెండేళ్ల దుమ్ము మొహాన కొట్టింది. నిచ్చెన మీద నిలబడి తుమ్మడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తుమ్ముతూనే బ్యాటరీ తీగ లాగాను. లైట్లన్నీ పోయాయి. వసారాలో అత్తగారి తిట్లు కూడా సగంలో ఆగిపోయాయి. "సీరియల్ పోయింది" అని కేక వినిపించింది. ఆ కేక ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కాసేపాగి తగిలించాను. ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి.

దిగొచ్చి సైటు తెరిచాను. జాడీ బొమ్మే.

ఆ క్షణంలో నాకు రూటరుని కూడా కల్లంలో ఎండబెట్టాలనిపించింది. మెట్లెక్కి మరదలికి చెబితే ఆమే ఆలోచనలో పడింది. కిందికొచ్చి కుర్చీలో కూలబడితే, సీరియల్ పోయిన మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పూట మొదటిసారి, "అసలేం చేస్తున్నారు?" అని అడిగింది.

చెప్పాను. కంప్యూటర్‌కి గుర్తున్నది తుడిచాను, ఆ తర్వాత రూటరుకి గుర్తున్నది తుడిచాను. అయినా పాతదే వస్తోంది.

"ముందు కింద తుడిచి తర్వాత పైన దులిపారా?"

"ఆ."

"బూజు దులిపాక గదా ఇల్లు ఊడుస్తారు. ముందు ఊడిస్తే, పైదంతా మళ్లీ కింద పడదూ?"

అక్షరాలా అదే జరిగింది. నేను కంప్యూటర్ తుడిచినప్పుడు రూటరు ఇంకా పాత బుద్ధితోనే ఉంది. కంప్యూటర్ వెళ్లి దాన్నే అడిగి, అదే పాత అంకె మళ్లీ బుర్రకెక్కించుకుంది. ఇప్పుడు రూటరు శుభ్రంగా ఉన్నా, కంప్యూటర్ అడగడం మానేసి తనకి గుర్తున్నదే చెబుతోంది. నల్ల కిటికీ తెరిచి తుడిచే ఆజ్ఞ మళ్లీ కొట్టాను. ఈసారి మెట్ల మీదికి పరిగెత్తలేదు, అక్షరాలు నాకే వచ్చేశాయి. సైటు తెరిచాను.

అరిటాకు. కారం ముద్ద. పక్కన నెయ్యి.

మా ఆవిడ నన్ను లేవమని కుర్చీలో కూచుంది. తన పాస్‌వర్డ్ తను కొట్టుకుంది, నన్ను అటు తిరగమని. ఆర్డర్లు ఒక్కొక్కటే చదివింది, పెదవులు కదుపుతూ. కనిగిరి ఆవిడ రాసిన దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. నా వైపు తిరిగి, "ఇది మీరు రాసింది కాదుగా?" అంది.

"నాకు అన్ని అక్షరాలు వస్తే లారీ ఎందుకు తోలతాను?"

ఆవిడ వాళ్లన్నయ్యకి ఫోన్ చేసింది. "అన్నయ్యా, పోయించేశావా?"

"సగం పోశాం చెల్లెమ్మా. ఏం?"

"ఆపు. మిగతాది నాక్కావాలి. ఆయన బండి తీసుకుని వస్తున్నారు."

నేను తాళాలు అందుకుని బయల్దేరాను. కల్లం దగ్గరికి వెళ్లేసరికి ఎండ చల్లబడింది. నేల మీద ఎర్రటి దుప్పటి పరిచినట్టు సగం కాయ పోసి ఉంది, సగం ఇంకా బుట్టల్లో. మా బావ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున వద్దంది. ఇప్పుడు కావాలంది. ఏమైంది బావా మీ ఇంట్లో?"

"మతిమరుపు లేకపోవడం వల్ల వచ్చిన గొడవ బావా."

"మా చెల్లెలికా?"

"రూటరుకి."

ఆయనకి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు. బుట్టలు ఎత్తించాడు. అందరికీ సరిపడా కాయ రాలేదు. కల్లంలో పోసిన దానిలో వేరే చేల కాయ కలిసిపోయింది, ఏరడం కుదరదంది మా ఆవిడ. చివరలో వచ్చిన ఆర్డర్లవాళ్లకి రెండో కోతకి పంపుతానని తనే కూచుని రాసింది. ఒకళ్లిద్దరు కోప్పడ్డారు. కనిగిరి ఆవిడకి మాత్రం మొదటి సీసా కట్టింది. నేను ఆ దారిన బండి వేసుకెళ్లే పని ఉంటే చేతికే ఇచ్చి రమ్మంది. ఆ పని లేకపోయినా ఉందన్నాను.

రూటరు ఇప్పుడు అటక మీద లేదు. టీవీ పక్కన, కవరు లేకుండా, లైట్లు కనపడేట్టు కూచుంది. బ్యాటరీ తీగ అందేట్టు పెట్టాను. రోజూ పొద్దున దాని మీద పడ్డ మిరపదుమ్ము మా ఆవిడే గుడ్డతో తుడుస్తుంది.

ఒక రోజు ఆవిడ అలా తుడుస్తుంటే, మంచి మూడ్‌లో ఉంది కదా అని నేను ఒక మాట అన్నాను. "చూశావా, పాత సంగతి పట్టుకుని వేలాడితే ఎంత నష్టమో. రూటరు కూడా మర్చిపోయింది. నువ్వు కూడా ఆ హాస్టలు మెస్సు సంగతి తుడిచెయ్యకూడదూ?"

గుడ్డ దులిపి, నా వైపు చూడకుండానే అంది. "సైటు నిజంగా చోటు మారింది కాబట్టి రూటరు తుడిచేసుకుందండీ. మీరు మారిన రోజు చెప్పండి, నేనూ తుడిచేస్తాను."